పెంపుడు కుక్క విదేశీ ప్రయాణం: నెలల నిరీక్షణ వెనుక ఉన్న సైన్సు

హైదరాబాద్‌లో ఉంటున్న ఒక కుటుంబానికి జర్మనీలో ఉద్యోగం ఖాయమైందనుకుందాం. రెండు నెలల్లో అక్కడ చేరాలి. వీసాలు, టికెట్లు, పిల్లల బడి, సామాన్ల రవాణా అన్నీ ఆ గడువులో సర్దుకుంటాయి. సర్దుబాటు కానిది ఒక్కటే, ఇంట్లో పెరిగిన నాలుగేళ్ల కుక్క. దానికి ఏటా టీకాలు వేయించారు. చక్కగా తింటోంది, ఆడుకుంటోంది, ఏ జబ్బూ లేదు. అయినా అది జర్మనీలో అడుగుపెట్టాలంటే, అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తే కనీసం నాలుగు నెలలు పడుతుంది. జపాన్‌కైతే ఏడు నెలలు దాటుతుంది. ఆస్ట్రేలియాకు భారత్ నుంచి నేరుగా తీసుకెళ్లడానికే వీల్లేదు.

ఈ సంగతి చాలామందికి ప్రయాణం దగ్గర పడ్డాకే తెలుస్తుంది. అప్పుడు కుక్కను బంధువులకు అప్పగించడమో, జంతు సంరక్షణ కేంద్రంలో విడిచిపెట్టడమో తప్ప దారి ఉండదు. ఈ నిబంధనలు చూడటానికి కాగితాల తతంగంలా అనిపిస్తాయి. కానీ ఒక్కో గడువు వెనుకా ఒక జీవశాస్త్ర కారణం ఉంది. ఆ కారణాల్లో ఎక్కువ భాగం ఒకే వైరస్ చుట్టూ తిరుగుతాయి. అదే రేబిస్.

మూడు కుక్కలు, వంద మరణాలు

ఇండోనేషియాలోని ఫ్లోరెస్ ద్వీపంలో 1997కు ముందు రేబిస్ లేదు. ఆ ఏడాది వేరే ద్వీపం నుంచి పడవలో మూడు కుక్కలు అక్కడికి చేరాయి. వాటితో వచ్చిన వైరస్ ద్వీపంలోని కుక్కలకు పాకింది. ఆ తర్వాతి ఏళ్లలో వందమందికి పైగా మనుషులు చనిపోయారు. వ్యాప్తిని ఆపడానికి పెద్ద సంఖ్యలో కుక్కలను చంపినా వ్యాధి ఆగలేదు. 2008లో ఇదే దేశంలోని బాలి ద్వీపంలోనూ రేబిస్ బయటపడింది. అక్కడా మృతుల సంఖ్య వంద దాటింది.

బ్రిటన్ అనుభవం ఇంకా పాతది. ఆ దేశం 1902లో రేబిస్‌ను వదిలించుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే వేళ సైనికులు రహస్యంగా వెంట తెచ్చుకున్న కుక్కలతో 1918లో వ్యాధి తిరిగొచ్చింది. దాన్ని మళ్లీ తుడిచిపెట్టడానికి 1922 దాకా పట్టింది. అందుకే అక్కడ బయటి నుంచి వచ్చే ప్రతి కుక్కనూ, పిల్లినీ ఆరు నెలలు క్వారంటైన్‌లో ఉంచే పద్ధతి దశాబ్దాల పాటు సాగింది. అదీ పూర్తి రక్షణ కాలేదు. 1969లో జర్మనీ నుంచి వచ్చిన ఒక కుక్క ఆరు నెలల క్వారంటైన్ ముగించుకుని బయటికొచ్చిన కొద్ది రోజులకే కాంబర్లీ పట్టణంలో రేబిస్ బారిన పడింది.

వ్యాధి లేని ప్రాంతానికి ఒక్క జంతువు చాలు. అక్కడి కుక్కలకు టీకా ఉండదు, డాక్టర్లకు ఆ లక్షణాలు చూసిన అలవాటు ఉండదు, కరిచిన వెంటనే టీకా వేయించుకోవాలన్న ఎరుక జనంలో ఉండదు. రేబిస్ లేని దేశాలు అంత కఠినంగా ఉండటానికి కారణం ఇదే.

పరీక్షకు దొరకని వైరస్

రేబిస్ వైరస్ రక్తంలో తిరగదు. కుక్క కాటుతో లాలాజలం కండరంలోకి చేరాక, వైరస్ అక్కడి నరాల చివరలను పట్టుకుని నరం లోపలి నుంచే వెన్నుపాము వైపు, అక్కడి నుంచి మెదడు వైపు సాగుతుంది. మెదడులో పెరిగాక మళ్లీ నరాల గుండానే లాలాజల గ్రంథులకు చేరుతుంది. అప్పుడే అది మరో జీవికి సోకగలదు. లక్షణాలు బయటపడ్డాక మరణం దాదాపు తప్పదు.

కాటుకూ లక్షణాలకూ మధ్య గడిచే సమయాన్ని పొదిగే కాలం అంటారు. కుక్కల్లో ఇది ఎక్కువగా మూడు నుంచి ఎనిమిది వారాలు. కాటు ఎక్కడ పడింది, ఎంత వైరస్ చేరింది అన్న దాన్నిబట్టి పది రోజులు కావచ్చు, అరుదుగా ఆరు నెలల దాకా పోవచ్చు. ఈ కాలమంతా కుక్క మామూలుగానే ఉంటుంది. వైరస్ నరాల్లో దాగి ఉండటంతో రోగనిరోధక వ్యవస్థ కూడా దాన్ని సరిగా గుర్తించదు. అందుకే యాంటీబాడీలు సాధారణంగా వ్యాధి ముదిరాకే కనిపిస్తాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బతికి ఉన్న కుక్కలో పొదిగే దశలోని రేబిస్‌ను పసిగట్టే పరీక్ష ఏదీ లేదు. వ్యాధి నిర్ధారణ కూడా ప్రధానంగా చనిపోయిన జంతువు మెదడు కణజాలాన్ని పరీక్షించే జరుగుతుంది. కాబట్టి విమానాశ్రయంలో డాక్టర్ ఎంత జాగ్రత్తగా చూసినా ‘ఈ కుక్కకు రేబిస్ లేదు’ అని ఆ ఒక్క పరీక్షతో చెప్పలేరు. నేరుగా తేల్చలేని ఈ ప్రశ్నను శాస్త్రవేత్తలు మూడు చిన్న ప్రశ్నలుగా విడగొట్టారు. ఈ కుక్క కాగితాల్లో ఉన్న కుక్కేనా? దానికి వేసిన టీకా పనిచేసిందా? టీకాకు ముందే వైరస్ సోకి ఉంటే అది బయటపడేంత సమయం గడిచిందా? ప్రయాణ నిబంధనలన్నీ ఈ మూడింటికి సమాధానాలే.

మొదటి మెట్టు: బియ్యపు గింజంత గుర్తింపు

నల్ల లాబ్రడార్‌లు రెండు పక్కపక్కన నిలబడితే ఏది ఏదో ఫొటోతో తేల్చడం కష్టం. మెడపట్టీ ఊడిపోవచ్చు, మార్చేయవచ్చు. అందుకే చర్మం కింద మైక్రోచిప్ పెడతారు. ఇది బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. గాజు గొట్టంలో ఒక చిన్న తీగచుట్ట, ఒక చిప్ ఉంటాయి. బ్యాటరీ ఉండదు. స్కానర్ వెలువరించే 134.2 కిలోహెర్ట్జ్ తరంగాల నుంచే అది క్షణకాలం శక్తి తీసుకుని తనలోని 15 అంకెల సంఖ్యను తిరిగి పంపుతుంది. ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాలు చెప్పేది ఈ సంఖ్య అమరిక, దాన్ని చదివే పద్ధతి గురించే. చిప్‌లో జీపీఎస్ ఉంటుందనీ, తప్పిపోయిన కుక్క ఎక్కడుందో చూపిస్తుందనీ కొందరు అనుకుంటారు. అది నిజం కాదు.

ఎక్కువమంది తడబడేది వరుస దగ్గర. చిప్ ముందు పెట్టాలి, టీకా తర్వాత వేయాలి. ఒకే రోజు చేసినా సరే, చిప్ సంఖ్యను చదివాకే టీకా వేయాలి. చిప్ లేని రోజుల్లో వేసిన టీకాలు ఎన్ని ఉన్నా, అవి ఈ జంతువుకే వేశారనడానికి ఆధారం లేదు కాబట్టి యూరప్ దేశాలు, అమెరికా వాటిని లెక్కలోకి తీసుకోవు. పైన చెప్పిన నాలుగేళ్ల కుక్క మళ్లీ మొదటికి రావడానికి కారణం ఇదే. ఏటా టీకా వేయించారు, చిప్ మాత్రం పెట్టించలేదు.

రెండో మెట్టు: టీకా పనిచేసిందా?

కుక్కపిల్లకు 12 వారాలు నిండాక వేసిన రేబిస్ టీకానే చాలా దేశాలు గుర్తిస్తాయి. తల్లిపాల ద్వారా వచ్చిన యాంటీబాడీలు మొదటి వారాల్లో పిల్లను కాపాడుతూనే, టీకాలోని వైరస్ భాగాలను కూడా అడ్డుకుంటాయి. అవి తగ్గేదాకా టీకా పూర్తిగా పనిచేయదు.

టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తం తీసి యాంటీబాడీల మోతాదు చూస్తారు. యాంటీబాడీలు పెరగడానికి ఆ సమయం కావాలి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల మధ్య అవి గరిష్ఠానికి చేరి తర్వాత నెమ్మదిగా తగ్గుతాయి. కాబట్టి నెల తిరగకుండానే రక్తం తీస్తే నిబంధన ఒప్పుకోదు, మరీ ఆలస్యం చేస్తే మోతాదు పడిపోయి ఉండొచ్చు.

ఈ పరీక్షకు ప్రపంచమంతా వాడే పద్ధతుల్లో ముఖ్యమైనది ‘ఎఫ్ఏవీఎన్’, అంటే ఫ్లోరోసెంట్ యాంటీబాడీ వైరస్ న్యూట్రలైజేషన్. కుక్క రక్తం నుంచి వేరుచేసిన సీరాన్ని ముందు 56 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట వేడిచేస్తారు. దాన్ని చిన్న గుంతలున్న పళ్లెంలో అంచెలంచెలుగా పల్చన చేస్తారు. ప్రతి గుంతలోనూ నిర్దిష్ట మోతాదులో బతికున్న రేబిస్ వైరస్‌ను కలిపి గంటసేపు ఉంచుతారు. సీరంలో యాంటీబాడీలు ఉంటే అవి వైరస్‌ను కట్టిపడేస్తాయి. తర్వాత హామ్‌స్టర్ మూత్రపిండాల నుంచి పెంచిన కణాలను వేసి రెండు రోజులు ఆగుతారు. చివరికి వైరస్‌కు అంటుకుని మెరిసే రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. గుంత మెరిస్తే అక్కడ వైరస్ గెలిచినట్లు, మెరవకపోతే సీరం గెలిచినట్లు. ఎంత పల్చన చేసినా సీరం గెలుస్తోందో లెక్కించి, ప్రామాణిక సీరంతో పోల్చి ఫలితాన్ని అంతర్జాతీయ యూనిట్లలో చెబుతారు.

మిల్లీలీటరుకు 0.5 యూనిట్లు, అంతకంటే ఎక్కువ ఉంటే కుక్క నెగ్గినట్లు. ఈ గీతకు ఒక్క చుక్క కింద ఉన్న కుక్కకు రక్షణ లేదని అర్థం కాదు. టీకాకు శరీరం తగినంతగా స్పందించిందని అన్ని దేశాలూ ఒప్పుకున్న రుజువు అది. మొదటిసారి ఒకే డోసు వేయించుకున్న చిన్న వయసు కుక్కలు ఈ పరీక్షలో తప్పడం కొత్త కాదు. అప్పుడు బూస్టర్ వేసి, మళ్లీ రక్తం తీసి, నిరీక్షణను కొత్తగా లెక్కపెట్టుకోవాలి. అందుకే చాలామంది డాక్టర్లు ముందుగానే రెండు డోసులు సూచిస్తారు. జపాన్ అయితే రెండు డోసులనూ తప్పనిసరి చేసింది.

బతికున్న రేబిస్ వైరస్‌తో చేసే పని కాబట్టి దీనికి కట్టుదిట్టమైన ప్రయోగశాల, టీకాలు వేయించుకున్న సిబ్బంది కావాలి. ప్రతి దేశానికీ తాను గుర్తించిన ప్రయోగశాలల జాబితా ఉంటుంది. జాబితాలో లేని చోట చేయించిన పరీక్ష ఎంత కచ్చితంగా ఉన్నా చెల్లదు.

మూడో మెట్టు: కాలమే పరీక్ష

టీకా వేసిన రోజుకు ముందే, వీధిలో మరో కుక్క కరిచి ఈ కుక్కకు వైరస్ సోకి ఉంటే? అప్పుడు టీకా ఆలస్యమై ఉండొచ్చు. యాంటీబాడీలు బాగానే కనిపిస్తాయి, లోపల వైరస్ మెదడు వైపు నడుస్తూనే ఉంటుంది. దీన్ని తేల్చడానికి నిరీక్షణ ఒక్కటే మార్గం. సోకి ఉంటే పొదిగే కాలం ముగిసేసరికి లక్షణాలు బయటపడతాయి. ఆ కుక్క విమానం ఎక్కదు.

యూరోపియన్ యూనియన్, బ్రిటన్ తమ జాబితాలో లేని భారత్ వంటి దేశాల నుంచి వచ్చే కుక్కలకు రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలంటాయి. జపాన్ 180 రోజులు అడుగుతుంది. వైరస్ అదే, కుక్క అదే, లెక్కలో తేడా ఎందుకు? ఎక్కువ కేసుల్లో పొదిగే కాలం మూడు నెలల్లోపే. దానికి టీకా తర్వాతి ముప్పై రోజులు, పరీక్ష ఫలితం తోడైతే మిగిలే ముప్పు చాలా తక్కువ. ఆ కాస్త ముప్పును యూరప్ ఒప్పుకుంటుంది. 1957 తర్వాత దేశంలోని జంతువుల మధ్య రేబిస్ వ్యాప్తి ఎరుగని జపాన్, పొదిగే కాలం అరుదుగా ఆరు నెలలకు చేరుతుందన్న వాస్తవాన్ని కూడా వదిలిపెట్టదు. సైన్సు ముప్పు ఎంతో చెబుతుంది. ఎంత ముప్పును భరించాలో ప్రతి దేశం తనకు తానే నిర్ణయించుకుంటుంది.

ఒక మార్పు గమనించదగినది. ఒకప్పుడు ఈ నిరీక్షణ అంతా చేరిన దేశంలో, బోనులో, యజమానికి దూరంగా గడిచేది. టీకా, చిప్, రక్తపరీక్ష అనే మూడూ నమ్మకంగా అందుబాటులోకి రావడంతో బ్రిటన్ 2000లో కొత్త పథకం తెచ్చి కొన్ని దేశాల కుక్కలకు క్వారంటైన్ తీసేసింది. ఇప్పుడు అదే సమయాన్ని కుక్క తన ఇంట్లోనే గడుపుతుంది.

క్యాలెండర్ మీద లెక్క

జర్మనీ వెళ్లే కుటుంబం జనవరి 10న చిప్ పెట్టించి, అదే రోజు టీకా వేయించిందనుకుందాం. ఫిబ్రవరి 9కి 30 రోజులు నిండుతాయి. ఫిబ్రవరి 10న రక్తం తీశారు. ఫలితం 0.5 దాటింది. మూడు నెలల లెక్క ఫలితం వచ్చిన రోజు నుంచి కాదు, రక్తం తీసిన రోజు నుంచి. అంటే మే 10. ప్రయాణానికి ముందు పది రోజుల్లోపు ప్రభుత్వ అధికారి ఆరోగ్య ధ్రువపత్రం ఇవ్వాలి. అప్పుడే పుట్టిన కుక్కపిల్ల విషయంలో అయితే 12 వారాలు, 30 రోజులు, మూడు నెలలు కలిపితే దాదాపు ఏడు నెలల వయసు వచ్చేదాకా కదలడానికి లేదు.

ఈ పరీక్ష ఒకసారి నెగ్గితే, బూస్టర్‌లు గడువు దాటకుండా వేయించినంత కాలం యూరప్‌కు మళ్లీ చేయించక్కర్లేదు. గడువు ఒక్కరోజు దాటినా తర్వాతి టీకాను మొదటి టీకాగానే లెక్కిస్తారు. మొత్తం ప్రక్రియ మళ్లీ మొదలవుతుంది.

తెలుగువారు ఎక్కువగా వెళ్లే అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నిబంధనలు అమలు చేస్తోంది. కుక్కలకు సంక్రమించే రకం రేబిస్‌ను ఆ దేశం 2007 నాటికే నిర్మూలించుకుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ దృష్టిలో భారత్ రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశం. ఇక్కడ టీకా వేయించుకున్న కుక్కకు కనీసం ఆరు నెలల వయసు, చిప్, అధికారిక టీకా పత్రం ఉండాలి. గుర్తించిన ప్రయోగశాలలో యాంటీబాడీ పరీక్ష చేయించాలి. దానికి రక్తం మొదటి టీకా తర్వాత 30 రోజులకు, ప్రయాణానికి కనీసం 28 రోజుల ముందు తీయాలి. సీడీసీ వద్ద నమోదైన జంతు సంరక్షణ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే, ముందుగా అక్కడ చోటు ఖాయం చేసుకుని దిగాలి. రక్తపరీక్ష లేకపోతే 28 రోజుల క్వారంటైన్ తప్పదు. గత ఆరు నెలల్లో కుక్క ఎక్కడెక్కడ ఉందన్నది లెక్క కాబట్టి, వేరే దేశం మీదుగా వెళ్లి తప్పించుకోవడం కుదరదు. పిల్లులకు సీడీసీ ఈ షరతులు పెట్టలేదు.

రేబిస్ ఒక్కటే కాదు

బ్రిటన్, ఐర్లాండ్, ఫిన్లాండ్, మాల్టా, నార్వే దేశాలకు వెళ్లే కుక్కకు మరో షరతు ఉంది. చేరడానికి 24 నుంచి 120 గంటల ముందు బద్దెపురుగు మందు వేయించాలి. ఎకినోకాకస్ మల్టీలోక్యులారిస్ అనే ఈ చిన్న పురుగు కుక్కల పేగుల్లో పెద్దగా హాని చేయదు. దాని గుడ్లు మనిషి కడుపులోకి చేరితే మాత్రం కాలేయంలో గడ్డలా పెరిగి ప్రాణం మీదికి తేవచ్చు. ప్రాజిక్వాంటెల్ మందు పురుగులను చంపుతుంది కానీ శరీరంలో నిలిచి ఉండదు. ముందెప్పుడో వేస్తే మళ్లీ సోకవచ్చు. మరీ చివరి గంటల్లో వేస్తే గుడ్లు కొత్త దేశంలో పడవచ్చు. అందుకే ఆ నాలుగు రోజుల కిటికీ.

ఆస్ట్రేలియాకు పిడుదుల భయం ఎక్కువ. మన దగ్గర కుక్కల్లో తరచూ కనిపించే ఎర్లికియా జ్వరం అక్కడి కుక్కల్లో 2020లో తొలిసారి బయటపడింది. భారత్ నుంచి వెళ్లాలనుకునే కుక్క ముందు ఆ దేశం ఆమోదించిన మరో దేశంలో నెలల తరబడి ఉండి, అక్కడి నుంచి పరీక్షలన్నీ పూర్తిచేసుకుని, చివరికి మెల్‌బోర్న్ దగ్గరున్న మికిల్‌హామ్ ప్రభుత్వ కేంద్రంలో క్వారంటైన్ గడపాలి.

రామచిలుక, నక్షత్ర తాబేలు వంటి మన దేశపు వన్యప్రాణుల విషయంలో ప్రయాణం అన్న మాటే లేదు. వాటిని ఇంట్లో పెంచడమే చట్టవిరుద్ధం.

బోను, గాలి, మత్తుమందు

కాగితాలన్నీ సిద్ధమైనా శరీరం కూడా ప్రయాణానికి సిద్ధం కావాలి. బోనులో కుక్క నిలబడగలగాలి, తిరగగలగాలి, సహజంగా పడుకోగలగాలి అన్నది అంతర్జాతీయ విమానయాన సంఘం ఐఏటీఏ నియమం. ముక్కు నుంచి తోక మొదలు దాకా పొడవుకు, నేల నుంచి మోచేయి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే బోను పొడవు వస్తుంది. భుజాల వెడల్పుకు రెట్టింపు బోను వెడల్పు. కుక్క పొడవు 70 సెంటీమీటర్లు, మోచేయి ఎత్తు 30, భుజాల వెడల్పు 20 అయితే బోను కనీసం 85 పొడవు, 40 వెడల్పు ఉండాలి. ఎత్తు కుక్క తల లేదా చెవుల కొసలకు తగలకుండా, పరుపు మందం కూడా కలుపుకుని చూడాలి.

కుక్కలు మనలా ఒళ్లంతా చెమట పట్టవు. రొప్పుతూ నాలుక, శ్వాసనాళాల తేమను ఆవిరిచేసి చల్లబడతాయి. పగ్, బుల్‌డాగ్ వంటి పొట్టిముక్కు జాతుల్లో శ్వాసమార్గం ఇరుకు. వేడి, ఆందోళన పెరిగితే అవి త్వరగా ఊపిరాడని స్థితికి చేరతాయి. చాలా విమానసంస్థలు వీటిని సరుకు విభాగంలో ఎక్కించుకోవు, లేదా వేసవిలో నిరాకరిస్తాయి. ‘మత్తు ఇస్తే నిద్రపోతుంది కదా’ అన్న ఆలోచన ప్రమాదకరం. మత్తుమందులు రక్తపోటును తగ్గిస్తాయి, ఒంటి వేడిని సర్దుకునే శక్తిని, తూలినప్పుడు నిలదొక్కుకునే శక్తిని దెబ్బతీస్తాయి. పైగా గాల్లో ఉండగా చూసే డాక్టర్ ఉండరు. అంతకంటే, నెలల ముందు నుంచే బోనును ఇంట్లో పెట్టి, అందులోనే తిండి పెట్టి, నిద్రపుచ్చి అలవాటు చేయడం మేలు. నిరీక్షణ కాలం అందుకు చక్కగా పనికొస్తుంది.

ఇక్కడి అధికారులు, తిరుగు ప్రయాణం

భారత్‌లో ఈ వ్యవహారాలు చూసేది కేంద్ర పశుసంవర్ధక, పాడి శాఖ కింద ఉన్న జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవల విభాగం. దీనికి ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్‌లలో కేంద్రాలున్నాయి. బయటికెళ్లే జంతువును పరీక్షించి ఆరోగ్య ధ్రువపత్రం ఇస్తారు. విదేశాల నుంచి వచ్చే జంతువుకు ముందుగా నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. నివాసం మార్చుకుని తిరిగొచ్చేవారు రెండు పెంపుడు కుక్కలు లేదా పిల్లుల వరకు తెచ్చుకోవచ్చు. వ్యాపారం కోసం కుక్కలను దిగుమతి చేయడంపై ఆంక్షలున్నాయి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి చేరే దేశపు అధికారిక సమాచారాన్ని ప్రయాణం అనుకున్న రోజే ఒకసారి, ప్రయాణానికి ముందు మరోసారి చూసుకోవాలి.

కుక్కను కాదు, దేశాన్ని చూస్తారు

జాబితాలో ఉన్న దేశం నుంచి యూరప్‌కు వెళ్లే కుక్కకు చిప్, టీకా, మొదటి టీకా తర్వాత 21 రోజుల విరామం చాలు. రక్తపరీక్ష లేదు, మూడు నెలల నిరీక్షణ లేదు. తేడా కుక్కలో లేదు, అది పెరిగిన వీధిలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో దాదాపు 36 శాతం భారత్‌లోనే. వాటిలో అత్యధికం కుక్కకాటు వల్లే, బాధితుల్లో పిల్లలు ఎక్కువ.

కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని కేంద్రం 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా వేస్తే వైరస్ గొలుసు తెగుతుందన్నది దాని మూలసూత్రం. గోవాలో ఇంటి కుక్కలకూ వీధి కుక్కలకూ మూకుమ్మడిగా టీకాలు వేశాక కొన్నేళ్లపాటు మనుషుల్లో ఒక్క రేబిస్ మరణమూ నమోదు కాలేదు. వీధి చివర పడుకునే కుక్కకు వేసే టీకా ముందుగా ఆ వీధిలో ఆడుకునే పిల్లలను కాపాడుతుంది. అలా దేశమంతా వైరస్ తగ్గిన రోజున, ఇంటి కుక్క ప్రయాణానికి పట్టే నెలలు కూడా వారాలకు తగ్గుతాయి.